టాపు తీస్తే బేస్ ఎటు పోతుంది?

ఆటో కానీ, బారాత్ జీపు కానీ, టాపు మడిచే థార్ కానీ... జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల రోడ్ల మీద పాట లేని బండి అరుదు. ఆ పాటకు బరువు రావాలంటే వాట్లు పెంచడం ఒక్కటే దారి అనుకుంటున్నారు చాలామంది. అంతకంటే మంచి దారి ఉంది. ఖర్చు తక్కువ, వీధికి బాధ కూడా తక్కువ.

వేములవాడలో రాజన్న దర్శనం చేసుకుని కొండగట్టు అంజన్న దగ్గరికి బయల్దేరే ఆటోను ఒకసారి వెనక నుంచి చూడండి. సీటు వీపుకు ఆనుకుని నల్ల కార్పెట్ అంటించిన డబ్బా. దాని పక్కన ఆరు బై తొమ్మిది ఓవల్ స్పీకర్లు రెండు. డ్రైవర్ ముందు నీలం లైటు వెలిగే స్టీరియో, దానికి పెన్‌డ్రైవ్. జగిత్యాల నుంచి కోరుట్ల మీదుగా మెట్‌పల్లి వైపు సాగే 63వ నంబరు జాతీయ రహదారి మీదా ఇదే ముచ్చట. సిరిసిల్లలో పెళ్లికొడుకును ఎక్కించుకుని బారాత్ ముందు నడిచే ఓపెన్ జీపులోనూ ఇదే. 2020 అక్టోబర్ 2న మార్కెట్లోకి వచ్చిన రెండో తరం మహీంద్రా థార్‌లో టాపు మడిచే రకం కొనుక్కున్న పిలగాళ్లకూ అదే కోరిక. సౌండ్ షాపు మెట్లెక్కగానే వాళ్లు అడిగే మొదటి మాట ఒకటే: "అన్నా, జర బేస్ రావాలె."

ఈ కోరికను తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఉన్నారు. నాకు అట్లా అనిపించదు. ఎనిమిది గంటలు మరమగ్గాల షెడ్డులో నిలబడి వచ్చిన మనిషికి, పొద్దంతా ట్రిప్పులు కొట్టిన ఆటో డ్రైవర్‌కు పాట ఒక్కటే తనది అనుకునే సమయం. డోలు దెబ్బ ఛాతీకి తగలాలని కోరుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. ఒగ్గు డోళ్లు, డప్పులు పుట్టి పెరిగిన నేల ఇది. జగిత్యాల, కోరుట్ల వైపు నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు సెలవుకు వస్తూ టేప్‌రికార్డర్లు మోసుకొచ్చిన రోజుల నుంచీ ఇళ్లలో మంచి సౌండ్ మీద మోజు ఉంది. కోరిక సరైనదే. తీర్చుకునే పద్ధతిలోనే పొరపాటు జరుగుతోంది.

ఆ పొరపాటు ఇట్లా మొదలవుతుంది. దోస్తు స్విఫ్ట్ కారులో పన్నెండు అంగుళాల బేస్ ట్యూబ్ అద్దాలు అదిరేట్టు కొడుతుంది. అదే ట్యూబ్ తెచ్చి ఆటోలో పెడితే ఎవరో దూరంగా చెక్క తడుతున్నట్టు వినిపిస్తుంది. షాపుకు పోతే ఆంప్లిఫయర్, అంటే ఆంప్, చిన్నదైందంటారు. పెద్ద ఆంప్ పెడతారు. బ్యాటరీ దిగిపోతుంది. పెద్ద బ్యాటరీ పెడతారు. వేలు ఖర్చయ్యాక కూడా బేస్ అంతంతమాత్రమే. ట్యూబ్‌లో లోపం లేదు, ఆంప్‌లో లోపం లేదు. కారుకు నాలుగు వైపులా అద్దాలు, పైన రేకు ఉన్నాయి. ఆటోకు లేవు. అసలు తేడా అక్కడుంది.

మూసిన కారు చేసే మేలు

శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 40 హెర్ట్జ్ స్వరంలో, అంటే బాగా లోతైన బేస్‌లో, ఒక్కో అల ఎనిమిదిన్నర మీటర్ల పొడవుంటుంది. చిన్న కారు మొత్తం పొడవు నాలుగు మీటర్లకు లోపే, లోపలి ఖాళీ రెండున్నర మీటర్లు. అంత పెద్ద అల అందులో పట్టదు. అందుకని ఊఫర్ (బేస్ స్పీకరు) కోన్ ముందుకు వచ్చినప్పుడల్లా కారులోని గాలి మొత్తం ఒక్కసారిగా నొక్కుకుంటుంది, వెనక్కి పోయినప్పుడు వదులవుతుంది. సైకిల్ పంపు మూతిని వేలితో మూసి కొట్టినప్పుడు చేతికి తగిలే ఒత్తిడి లాంటిదే చెవికీ ఛాతీకీ తగులుతుంది.

అల పొడవులో సగం కంటే కారు లోపలి పొడవు తక్కువైనప్పటి నుంచి ఈ సహాయం మొదలవుతుంది. రెండున్నర మీటర్ల కారులో ఇది దాదాపు 68 హెర్ట్జ్ దగ్గర. అక్కడి నుంచి కిందికి, ఫ్రీక్వెన్సీ సగమైతే లెక్క ప్రకారం 12 డెసిబెల్స్ వరకు లాభం. తలుపు సందులు, పలుచని రేకులు కొంత మింగేస్తాయి కాబట్టి నిజంగా వచ్చేది కాస్త తక్కువే. ఈ లాభాన్ని సౌండ్ పనివాళ్లు క్యాబిన్ గెయిన్ అంటారు. కారు ఊరికే ఇచ్చే బేస్ ఇది.

టాపు తీయగానే ఇదంతా పోతుంది. మూతి తెరిచిన పంపులో ఒత్తిడి నిలవదు కదా. పోయిన 12 డెసిబెల్స్‌ను ఆంప్‌తో తిరిగి తెచ్చుకోవాలంటే పవర్ 16 రెట్లు కావాలి. 200 వాట్లతో కారులో వచ్చిన లోతు ఆటోలో రావాలంటే 3,200 వాట్లు అన్నమాట. ఏ ఆటో బ్యాటరీ మోస్తుంది? ఏ ఊఫర్ కాలకుండా ఉంటుంది? వాట్లతో ఈ పని కాదని తెలుసుకోవడానికి ఈ ఒక్క లెక్క చాలు.

దగ్గరికి తేవడమే అసలు పని

ఇంకో లెక్క ఉంది. అది మన వైపు పనిచేస్తుంది. ఆరుబయట, శబ్దం పుట్టిన చోటు నుంచి దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గుతుంది. దూరం సగమైతే 6 పెరుగుతుంది. డిక్కీలోనో, జీపు వెనక చివరనో ఉన్న ఊఫర్ డ్రైవర్‌కు రెండు మీటర్ల దూరంలో ఉందనుకుందాం. దాన్ని సీటు కిందికో, కాళ్ల దగ్గరికో, అర మీటరు దూరానికి తెస్తే రెండుసార్లు సగమైనట్టు. 12 డెసిబెల్స్ లాభం. టాపు తీసినందుకు పోయింది ఎంతో, జరిపినందుకు వచ్చింది అంతే. రూపాయి ఆంప్‌కు పెట్టనక్కర్లేదు. బండి లోపల గోడలు, నేల చేసే మార్పులు కొన్ని ఉంటాయి కాబట్టి అంకెలు అచ్చంగా ఇవే రావు. కానీ దిశ మాత్రం ఎప్పుడూ ఇదే.

అందుకే ఓపెన్ బండ్లకు సౌండ్ చేసే మంచి పనివాడు ముందుగా చూసేది ఆంప్ కాదు, మనిషి కూర్చునే చోటు. థార్‌లో అయితే ముందు సీటు కింద పట్టే పలుచని ఊఫర్, లేదంటే ఎడమ పక్క సీటు మనిషి కాళ్ల ముందు మూలలో చిన్న బాక్స్. ఆ మూలలో నేల, ముందు గోడ, పక్క రేకు మూడూ కలుస్తాయి. అట్లా మూడు తలాలు కలిసే చోట బేస్ ఇంకొంత బలపడుతుంది. ఆటోలో డ్రైవర్ కోసమైతే అతని సీటు కింద, ప్యాసింజర్ల కోసమైతే వెనక సీటు వీపు మధ్యలో, సరిగ్గా నడుముకు ఆనేట్టు. బాక్స్‌ను సీటు ఫ్రేముకు నట్లతో బిగిస్తే కోన్ అదురు సీటులోంచి ఒంటికి చేరుతుంది. బేస్‌ను మనం చెవితోనే కాదు, ఒంటితోనూ వింటాం. సీటు కింద బిగించే షేకర్ అనే పరికరాలు పనిచేసేది కూడా ఈ సూత్రం మీదే. గాలిని కదపకుండా సీటునే కదుపుతాయి.

ప్రపంచంలో టాపు లేని కార్లు చేసినవాళ్లూ ఇదే ఆలోచించారు. 1989లో వచ్చిన మాజ్డా ఎంఎక్స్-5 అనే చిన్న ఓపెన్ కారులో కొన్ని రకాలకు సీటు తలదిండులోనే స్పీకర్లు పెట్టారు. గాలి హోరులో తలుపు స్పీకరు వినబడదు, చెవి వెనకది వినబడుతుంది.

డబ్బా సంగతి

ఊఫర్ ఒక్కటే బేస్ ఇవ్వదు, డబ్బాతో కలిసి ఇస్తుంది. కోన్ ముందు వైపు గాలిని నొక్కినప్పుడు వెనక వైపు గాలి సన్నబడుతుంది. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఆ రెంటినీ విడదీయడానికే డబ్బా. 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, తర్వాత 1970లలో రిచర్డ్ స్మాల్ డబ్బా కొలతలను ఊఫర్ లక్షణాల నుంచి లెక్కగట్టే పద్ధతి ఇచ్చారు. నేడు మంచి ఊఫర్‌తో వచ్చే కాగితం మీద కనిపించే చిన్న చిన్న అంకెలు వాళ్ల పేరు మీదివే. ఆ కాగితాన్ని పారేయకండి. వడ్రంగికి కావాల్సింది అదే.

చిన్న డబ్బా, లోతైన బేస్, తక్కువ పవర్‌కే పెద్ద మోత, ఈ మూడూ ఒకేసారి రావు. రెండే ఎంచుకోవాలి. ఓపెన్ బండిలో నేనైతే లోతును కొంత వదులుకోమంటాను. 30 హెర్ట్జ్ కోసం పాకులాడితే గాలి హోరు, రోడ్డు మోత దాన్ని ఎట్లాగూ కప్పేస్తాయి. ఒక స్వరం కంటే సగం ఫ్రీక్వెన్సీ ఉన్న స్వరాన్ని అంతే మోతతో పలికించాలంటే నాలుగు రెట్ల గాలిని కదపాలి. అంటే 80 హెర్ట్జ్‌కు కోన్ ఒక మిల్లీమీటరు కదిలితే, 40కి నాలుగు మిల్లీమీటర్లు. మన పాటల్లో డోలు, తీన్‌మార్ దరువు బలం చాలావరకు 50 నుంచి 100 హెర్ట్జ్ మధ్యలోనే ఉంటుంది. గురి అక్కడ పెట్టాలి.

ఎనిమిది అంగుళాల ఊఫర్‌కు మూసిన డబ్బా అయితే సుమారు 10 నుంచి 14 లీటర్లు, గొట్టం పెట్టిన డబ్బా అయితే 17 నుంచి 23 లీటర్లు సాధారణంగా సరిపోతాయి. కచ్చితమైన అంకె కాగితం చెబుతుంది. గొట్టం ఉన్నది టాపు లేని బండికి మేలు, ఎందుకంటే క్యాబిన్ గెయిన్ పోయిన చోట గొట్టం కొంత పూడుస్తుంది. దాన్ని 45 హెర్ట్జ్ దగ్గర ట్యూన్ చేయించండి. ట్యూనింగ్ కంటే కింది స్వరాలకు కోన్ అదుపు తప్పి ఎగురుతుంది కాబట్టి ఆంప్‌లో మరీ కింది స్వరాలను ఆపే సబ్‌సోనిక్ ఫిల్టర్ ఉంటే 35 దగ్గర పెట్టాలి. లేకపోతే మూసిన డబ్బాయే నయం. మూసిన దానిలో దిండ్లకు నింపే పాలిస్టర్ దూది వదులుగా నింపితే డబ్బా కొంచెం పెద్దదైనట్టు ప్రవర్తిస్తుంది. సిరిసిల్లలో పరుపుల షాపులో అడిగితే దొరుకుతుంది.

చెక్క 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కావాలి. లోపల మూలలన్నింటికీ ఫెవికాల్ పెట్టి స్క్రూలు బిగించి, ఆరాక సిలికాన్ గీత గీయాలి. పని అయ్యాక కోన్‌ను అరచేతితో మెల్లగా లోపలికి నొక్కి వదలండి. మూసిన డబ్బా అయితే అది నెమ్మదిగా, ఇష్టం లేనట్టు వెనక్కి వస్తుంది. టపీమని ఎగిరి వస్తే ఎక్కడో సందు ఉంది.

కోన్ వైశాల్యం గురించి ఒక మాట. పన్నెండు అంగుళాల ఊఫర్ కోన్ దాదాపు 480 చదరపు సెంటీమీటర్లు, ఎనిమిది అంగుళాలది సుమారు 215. ఎనిమిదివి రెండు పెడితే పన్నెండుకు దగ్గర పడతాయి, పైగా రెండు సీట్ల కిందా చెరొకటి పడుతుంది. ఆరుబయట కొట్టే వాద్యాలకు పెద్ద తోలు ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. ఒగ్గు కథలో ఒక్క డోలుతో ఆగకుండా వరసగా నిలబడి కొడతారు. గోడలు లేని చోట గాలిని కదపాలంటే వైశాల్యమే ఆధారమని మన కళాకారులకు ఎవరూ లెక్కలు చెప్పకుండానే తెలుసు.

పెన్సిల్ సెల్ పరీక్ష

మొత్తం పనిలో డబ్బు ఖర్చు కాకుండా ఎక్కువ ఫలితమిచ్చేది పోలారిటీ, అంటే వైర్ల ప్లస్, మైనస్ సరిచూడటం. పాతకాలపు మెకానిక్ చేసే పద్ధతి ఇదీ. ఒకటిన్నర వోల్టు పెన్సిల్ సెల్ తీసుకుని, ఊఫర్ వైర్ల కొనలను ఆంప్ నుంచి విడదీసి, ప్లస్ గుర్తున్న వైరును సెల్ మొన వైపు, మైనస్‌ను అడుగు వైపు ఒక్క క్షణం తాకిస్తాడు. 'టక్' మని కోన్ బయటికి వస్తే వైరు సరిగా ఉన్నట్టు. లోపలికి పోతే డబ్బాలోనే ఎవరో తారుమారు చేసినట్టు. రెండు ఊఫర్లున్నప్పుడు ఒకటి బయటికి, ఒకటి లోపలికి పోతుంటే రెండూ కొట్లాడుకుని బేస్ మాయమవుతుంది. కొత్త ఆంప్ కొనుక్కున్న ఎంతోమందికి అసలు కావాల్సింది ఈ రెండు వైర్లు మార్చడమే.

ఆ తర్వాత ఊఫర్‌కూ ముందు స్పీకర్లకూ పొత్తు కుదరాలి. ఆంప్ మీద ఫేజ్ అని 0, 180 అంకెలతో స్విచ్ ఉంటుంది. తెలిసిన పాట పెట్టి, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుని, ఇంకొకరిని ఆ స్విచ్ ఇటూ అటూ మార్చమనండి. ఎటు ఉంటే దరువు నిండుగా వినిపిస్తుందో అటే ఉంచేయాలి. టాపు తీసి ఒకసారి, వేసి ఒకసారి చూడాలి, ఎందుకంటే రెంటిలో ఫలితం వేరుగా ఉండొచ్చు. ముందు స్పీకర్లకు 80 హెర్ట్జ్ కింది స్వరాలు పోకుండా స్టీరియోలో కట్ చేస్తే అవి పగిలినట్టు మోగడం ఆగిపోతుంది. గొంతు స్పష్టంగా వస్తుంది. అప్పుడు ఊఫర్ చేసే పని ఊఫర్‌దే.

ఇక వాట్ల మాట. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో వెయ్యి వాట్లని ఉంటే అది ఒక్క క్షణం తట్టుకునే గరిష్ఠం. నిలకడగా తీసుకునేది ఆర్‌ఎంఎస్ అని పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ అంకె చూసి కొనండి. 100 వాట్ల నిజమైన పవర్ ఇచ్చే మంచి ఆంప్ పూర్తి జోరులో 12 వోల్టుల బ్యాటరీ నుంచి దాదాపు 10 ఆంపియర్లు లాగుతుంది. ఆటోకు అంతకు మించి మోయించడం పొద్దున సెల్ఫ్ ఎత్తకపోవడానికి దారి. ఆంప్ మీది గేన్ నాబ్ అనేది వాల్యూమ్ కాదు. స్టీరియోను ముప్పాతిక వరకు పెంచి, గేన్‌ను పాట గరగరలాడే వరకు తిప్పి, అక్కడి నుంచి కొంచెం వెనక్కి తేవాలి. బేస్ బూస్ట్ సున్నాలో ఉండాలి. గరగర వినిపిస్తున్నా అట్లాగే నడిపితే ఊఫర్ లోపలి వాయిస్ కాయిల్ కాలుతుంది. ఆ వాసన ఒకసారి వచ్చిందంటే ఊఫర్ పోయినట్టే.

పవర్ వైరు కొనేటప్పుడు కొనను బ్లేడుతో గీకి చూడండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి. తెల్లగా మెరిస్తే అల్యూమినియం మీద రాగి పూత, అది రాగి మోసే కరెంటులో మూడింట రెండొంతులే మోస్తుంది. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు రెండు జానల లోపే ఫ్యూజ్ ఉండాలి. ఈ ఒక్క విషయంలో రాజీ పడొద్దు. రేకుకు రాసుకుని వైరు తొక్క పోతే ఫ్యూజ్ లేని బండి అంటుకుంటుంది. ఆటోలో ఆ మంట పక్కనే ప్యాసింజర్లుంటారు.

మే నెలలో జగిత్యాల వైపు ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. సీటు కింద గాలి ఆడని చోట ఆంప్ పెడితే మధ్యాహ్నం తనంతట తానే ఆగిపోతుంది. వానాకాలంలో కాగితం కోన్ తడిసి ఉబ్బుతుంది. పడవల కోసం చేసే మెరైన్ ఊఫర్లు ప్లాస్టిక్ కోన్‌తో వస్తాయి. పడవ కూడా టాపు లేని బండే కాబట్టి ధర కాస్త ఎక్కువైనా మనకు సరిగ్గా నప్పుతాయి.

వీధికి వినిపించేది

దగ్గరికి తెచ్చిన ఊఫర్ వల్ల ఇంకో మేలుంది. నాకు అదే ముఖ్యం. రెండు మీటర్ల వెనక ఉన్న ఊఫర్‌తో డ్రైవర్ చెవికి 100 డెసిబెల్స్ చేరుతుంటే, ఎనిమిది మీటర్ల దూరంలో ఉన్న ఇంటికి 88 చేరతాయి. అర మీటరులో ఉన్న ఊఫర్‌తో డ్రైవర్ అదే 100 వింటుంటే ఆ ఇంటికి చేరేది 76. మన ఆనందం తగ్గలేదు. పసిపాప ఉన్న ఇంటికి మాత్రం 12 డెసిబెల్స్ తగ్గింది.

నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు లౌడ్‌స్పీకర్లు వద్దని సుప్రీంకోర్టు 2005 జులై తీర్పులో గట్టిగా చెప్పింది. మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబర్‌లో నిషేధించారు. ఒక లోపం మాత్రం మిగిలే ఉంది. ఈ అంకెలన్నీ చెవి స్వభావాన్ని బట్టి సవరించిన కొలతతో చూస్తారు. ఆ కొలతలో 50 హెర్ట్జ్ స్వరానికి 30 డెసిబెల్స్ తీసేస్తారు. మీటరులో చిన్న అంకె కనిపిస్తుంది, గోడలు మాత్రం అదురుతుంటాయి. సన్నని స్వరాలను గోడ ఆపుతుంది, బేస్‌ను ఆపలేదు. గుండె జబ్బు మనిషి ఇంట్లో తలుపులేసుకున్నా తప్పించుకోలేడు. మీటరు పట్టుకోలేని దాన్ని బండి నడిపే మనిషే పట్టించుకోవాలి.

చెవి సంగతీ చూసుకోవాలి. రోజుకు ఎనిమిది గంటలకు 85 డెసిబెల్స్ అనేది జాగ్రత్తకు గీత, ఆపై ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగం చేసుకోవాలి. సిరిసిల్ల మరమగ్గాల షెడ్డు మోతకే ఆ కోటా అయిపోయిన చెవి మీద సాయంత్రం మళ్లీ బరువు పెట్టకండి. షెడ్డు నుంచి వచ్చిన మొదటి గంట పాట చిన్నగా వినిపిస్తుందని వాల్యూమ్ పెంచడం అన్నింటికంటే ప్రమాదం, ఎందుకంటే అప్పుడు చెవి అలిసిపోయి ఉంటుంది.

ఈ వారం సౌండ్ షాపుకు పోతున్నారా? బాగా తెలిసిన ఒక పాట పెన్‌డ్రైవ్‌లో, ఒక పెన్సిల్ సెల్ జేబులో పెట్టుకుని పొండి. ఉన్న ఊఫర్‌నే ముందు సీటు దగ్గరికి జరిపి, టాపు తీసి, ఇంజిన్ ఆన్ చేసి విన్నాకే కొత్త ఆంప్ సంగతి మాట్లాడండి. డబ్బులిచ్చే ముందు బ్యాటరీ దగ్గర ఫ్యూజ్ ఉందో లేదో మీ కళ్లతో చూడండి.